ఆర్టీసీ ప్రభుత్వమా, కంపెనీయా? జాతీయ ఆదాయ లెక్కల్లో ఒక సంస్థ ఏ గడిలో పడుతుందో మనమే తేల్చుకోవడం ఎలా

పేరు చివర కార్పొరేషన్ అని ఉంటే అది ప్రభుత్వం కాదనీ, కుర్చీలో ఐఏఎస్ ఆఫీసర్ కూర్చుంటే ప్రభుత్వమేననీ చాలామంది అనుకుంటారు. జాతీయ ఆదాయ లెక్కలు వేసేవాళ్లు ఈ రెండింటినీ పెద్దగా పట్టించుకోరు. వాళ్లు అడిగే ప్రశ్నలు వేరు, ఆ ప్రశ్నలు వరసగా అడుగుతూ పోతే ఏ సంస్థనైనా మనమే ఇంట్లో కూర్చుని ఒక గడిలో పెట్టొచ్చు. పోటీ పరీక్షలకు చదివేవాళ్లకూ, రాష్ట్ర బడ్జెట్ మీద రాసే విలేకరులకూ ఇది పనికొస్తుంది. నిజానికి పన్ను కట్టే ఎవరికైనా పనికొస్తుంది, ఎందుకంటే ఒక సంస్థ ఏ గడిలో ఉందన్నదాన్ని బట్టే దాని అప్పు ఎవరి ఖాతాలో కనిపిస్తుందో, అసలు కనిపిస్తుందో లేదో తేలుతుంది.

ముందు గడులు చూద్దాం. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో తయారైన జాతీయ ఖాతాల విధానం, 2008 నాటిది, ప్రపంచమంతా వాడుతున్న మూలగ్రంథం. దాని కొత్త కూర్పును 2025 మార్చిలో ఐరాస గణాంక కమిషన్ ఆమోదించింది, దేశాలు దానికి మారడానికి ఇంకా కొన్నేళ్లు పడుతుంది. అందులో దేశంలోని సంస్థలన్నీ ఐదు రంగాలు: ఆర్థికేతర కార్పొరేషన్లు, ఆర్థిక కార్పొరేషన్లు (బ్యాంకులు, బీమా వగైరా), సాధారణ ప్రభుత్వం, కుటుంబాలు, కుటుంబాలకు సేవ చేసే లాభాపేక్ష లేని సంస్థలు. మన జాతీయ గణాంక కార్యాలయం కార్పొరేషన్లను మళ్లీ ప్రభుత్వ, ప్రైవేటు అని విడదీసి చూపిస్తుంది, చివరి రెండు రంగాలను కలిపేస్తుంది.

ఇక్కడే చాలామంది తడబడేది: "ప్రభుత్వ రంగం" వేరు, "సాధారణ ప్రభుత్వం" వేరు. సాధారణ ప్రభుత్వం అంటే కేంద్రం, రాష్ట్రాలు, పంచాయతీలు, మున్సిపాలిటీలు, ఈఎస్ఐ లాంటి తప్పనిసరి సామాజిక బీమా, వీటి డబ్బు మీదే నడిచే యూనివర్సిటీలు, అకాడమీలు, మిషన్లు. దానికి ప్రభుత్వం చేతిలో ఉన్న కంపెనీలు, బ్యాంకులు కూడా కలిపితే ప్రభుత్వ రంగం. విశాఖ స్టీల్ ప్లాంట్ ప్రభుత్వ రంగంలో ఉంది, సాధారణ ప్రభుత్వంలో లేదు. ఉస్మానియా యూనివర్సిటీ రెండింట్లోనూ ఉంది. ఇంకో గందరగోళం కూడా ముందే తీసేసుకుందాం. రాజ్యాంగంలోని 12వ అధికరణం కింద కోర్టులు దేన్ని "రాజ్యం" అంటాయి, సమాచార హక్కు చట్టం దేనికి వర్తిస్తుంది, కాగ్ దేన్ని ఆడిట్ చేస్తుంది, ఈ మూడూ మూడు వేర్వేరు పరీక్షలు. వాటిలో దేని జవాబునూ తెచ్చి ఇక్కడ అతికించకండి.

మొదటి ప్రశ్న: ఇది విడిగా నిలబడే సంస్థేనా?

రిజిస్ట్రేషన్ నంబరు ఉంటే చాలదు. సొంతంగా ఆస్తులు కొనగలగాలి, అప్పు చేసి ఆ అప్పుకు తానే జవాబు చెప్పగలగాలి, నిర్ణయాలు తాను తీసుకోగలగాలి, పూర్తి లెక్కల పుస్తకం ఉండాలి. పెళ్లయిన కొడుకు మేడమీద వేరే గదిలో ఉన్నంత మాత్రాన వేరు కాపురం కాదు కదా, పొయ్యి వేరై జేబు వేరైతేనే వేరు కాపురం.

దీనికి రెండు వైపులా ఉదాహరణలున్నాయి. రైల్వే కంపెనీ కాదు, ఒక మంత్రిత్వ శాఖ కింద నడిచే డిపార్ట్‌మెంట్. 2017-18 నుంచి దాని బడ్జెట్ కూడా కేంద్ర బడ్జెట్‌లో కలిసిపోయింది. అయినా దానికి సొంత లెక్కలున్నాయి, టికెట్టుకూ సరుకు రవాణాకూ ధర వసూలు చేస్తుంది, కంపెనీలాగే నడుస్తుంది. అందుకే దాన్ని డిపార్ట్‌మెంటల్ సంస్థ అనే పేరుతో, కంపెనీతో సమానంగా, కార్పొరేషన్ల వైపు పెడతారు. బడ్జెట్ పుస్తకం ఒకటైపోయినంత మాత్రాన గడి మారలేదు.

రెండో వైపు చూస్తే, కంపెనీగా రిజిస్టరై కూడా కంపెనీ కానివి ఉంటాయి. తెలంగాణలో కాళేశ్వరం ఇరిగేషన్ ప్రాజెక్ట్ కార్పొరేషన్ సంగతి తీసుకోండి. ప్రాజెక్టు కోసం బ్యాంకుల దగ్గరా, పీఎఫ్‌సీ, ఆర్ఈసీ లాంటి కేంద్ర ప్రభుత్వ రుణ సంస్థల దగ్గరా అప్పులు తేవడానికి పెట్టిన సంస్థ అది. అప్పులకు రాష్ట్ర ప్రభుత్వం గ్యారంటీ ఉంది. పరిశ్రమలకూ తాగునీటికీ నీళ్లమ్మి సంపాదించాలన్నది కాగితం మీది ఆలోచన, కానీ చెప్పుకోదగ్గ సొంత ఆదాయం లేదనీ, తిరిగి కట్టాల్సింది రాష్ట్ర బడ్జెట్ నుంచేననీ కాగ్ ఎత్తిచూపింది. జాతీయ ఖాతాల విధానం ఇలాంటి వాటి గురించి చాలా స్పష్టంగా చెబుతుంది: ప్రభుత్వం పెట్టిన ప్రత్యేక సంస్థ ప్రభుత్వం చెప్పింది చెప్పినట్టు చేయడం తప్ప సొంతంగా కదలలేకపోతే, అది ఏ చట్టం కింద రిజిస్టరైనా సరే, విడి సంస్థ కాదు, ప్రభుత్వంలో భాగమే. అంటే దాని అప్పు ప్రభుత్వ అప్పే. రెండో ప్రశ్న దాకా వెళ్లాల్సిన పని కూడా లేదు.

ఇది ఒక్క రాష్ట్రం చేసిన పని కాదు, ఒక్క పార్టీ చేసిన పనీ కాదు. కేంద్రం కూడా ఏళ్లపాటు ఆహార సబ్సిడీకి బడ్జెట్లో చాలినంత పెట్టకుండా, ధాన్యం సేకరించే భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) చేత జాతీయ చిన్న మొత్తాల పొదుపు నిధి నుంచి అప్పు చేయించింది. 2021-22 బడ్జెట్లో ఆ పద్ధతి ఆపి, సబ్సిడీని బడ్జెట్లోకి తెచ్చేసరికి 2020-21, 2021-22 ఆహార సబ్సిడీ పద్దు ఒక్కసారిగా ఉబ్బింది. ఆ తర్వాత 2022లో, రాష్ట్రాల కార్పొరేషన్లు చేసే అప్పుల అసలు గానీ వడ్డీ గానీ రాష్ట్ర బడ్జెట్ నుంచి కడుతుంటే వాటిని రాజ్యాంగంలోని 293(3) అధికరణం (రాష్ట్రాల అప్పులకు కేంద్రం అనుమతి గురించినది) కింద రాష్ట్ర అప్పుగానే లెక్కిస్తామని కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. అది అప్పుల పరిమితి కోసం పెట్టిన నియమం, జాతీయ ఖాతాల నియమం కాదు. కానీ అడిగిన ప్రశ్న ఒకటే: కట్టేది ఎవరు?

ఒక జాగ్రత్త. గ్యారంటీ ఇచ్చినంత మాత్రాన ఆ అప్పు ప్రభుత్వానిదైపోదు. సంస్థ తన సంపాదనతో కట్టుకుంటున్నంత కాలం అది సంస్థ అప్పే. ఏటా బడ్జెట్ నుంచే కడుతున్నారా అన్నది చూడాలి.

రెండో ప్రశ్న: పెత్తనం ఎవరిది?

దీన్ని త్వరగా ముగించొచ్చు, ఎందుకంటే చాలా కేసుల్లో జవాబు వాటాల్లోనే ఉంటుంది. సగానికి మించి ఓట్లు ప్రభుత్వానివైతే పెత్తనం ప్రభుత్వానిదే. సింగరేణిలో తెలంగాణకు 51 శాతం, కేంద్రానికి 49 శాతం, కాబట్టి రాష్ట్రం చేతిలోని కంపెనీ. శంషాబాద్ విమానాశ్రయం నడిపే కంపెనీలో రాష్ట్రానికీ, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకీ చెరో 13 శాతం ఉన్నా మిగతాది జీఎంఆర్‌ది, కాబట్టి ప్రైవేటు కంపెనీ. భూమి ప్రభుత్వం ఇచ్చిందా లేదా అన్నది ఇక్కడ అప్రస్తుతం. ఎయిర్ ఇండియా 2022 జనవరి 27న టాటాల చేతికి వెళ్లింది, ఆ రోజుతో ప్రభుత్వ రంగం నుంచి ప్రైవేటు గడిలోకి మారింది.

వాటాలతో తేలని చోట మిగతా సూచికలు చూడాలి: బోర్డును ఎవరు నియమిస్తారు, తీసేస్తారు, ముఖ్య అధికారులను ఎవరు పెడతారు, కీలక నిర్ణయాన్ని ఆపేసే ప్రత్యేక వాటా ప్రభుత్వం దగ్గరుందా, సంస్థ సరుకంతా కొనేది ప్రభుత్వమేనా, అప్పిచ్చేటప్పుడు పెట్టిన షరతులు చేతులు కట్టేసేలా ఉన్నాయా. నియంత్రణ ఎంత ముదిరితే పెత్తనం అవుతుందో చూడాలంటే ఇంగ్లండ్ కేసు ఒకటుంది. పేదలకు అద్దె ఇళ్లు కట్టే హౌసింగ్ అసోసియేషన్లను అక్కడి గణాంక కార్యాలయం 2015 అక్టోబరులో ప్రభుత్వ రంగంలోకి మార్చింది, చట్టం ప్రభుత్వానికి ఇచ్చిన అధికారాలు మరీ ఎక్కువని. అప్పు లెక్క పెరిగేసరికి ప్రభుత్వం ఆ అధికారాల్లో కొన్ని వదులుకుంటూ నిబంధనలు సవరించింది, 2017 నవంబరులో అవి మళ్లీ ప్రైవేటు వైపు వచ్చాయి. ఇళ్లు అవే, అద్దెకున్నవాళ్లు వాళ్లే. అక్కడ నాకు నచ్చిన విషయం, గణాంక కార్యాలయం తన నిర్ణయాన్నీ కారణాలనూ సంస్థ పేరుతో సహా బయటపెట్టడం. మన దగ్గర కూడా సంస్థలవారీగా ఇలాంటి పత్రాలు, కారణాలతో సహా, మామూలు జనం చదివేలా రావాలని గట్టిగా కోరుకుంటున్నాను.

పెత్తనం ప్రభుత్వానిది కాదని తేలితే ఆగిపోండి, అది ప్రైవేటు. ప్రభుత్వానిదే అయితే అసలు పరీక్ష ఇప్పుడు మొదలవుతుంది.

మూడో ప్రశ్న: ధర నిజమైన ధరేనా?

సంస్థ అమ్మే సరుకుకో సేవకో వసూలు చేసే ధర ఎంత అమ్మాలి, ఎంత కొనాలి అన్నదాన్ని నిజంగా ప్రభావితం చేస్తోందా? చేస్తే మార్కెట్ సంస్థ, అంటే ప్రభుత్వ కార్పొరేషన్. నామమాత్రపు ధరైతే మార్కెటేతర సంస్థ, అంటే సాధారణ ప్రభుత్వం. దీనికి పెట్టుకున్న కొలమానం యాభై శాతం: అమ్మకాల ఆదాయం ఉత్పత్తి ఖర్చులో కనీసం సగం ఉండాలి, అదీ ఒక ఏడాది కాదు, వరసగా కొన్నేళ్లపాటు. యూరప్‌లో ఇది దాదాపు గీత గీసినట్టు పాటిస్తారు, 2008 విధానంలో కొంచెం వెసులుబాటుంది. సింగరేణి బొగ్గు కరెంటు కంపెనీలకు ధరకు అమ్ముతుంది, ఖర్చులు పోను మిగిలిన లాభాల్లో కార్మికులకు ఏటా వాటా పంచుతుంది, దానికి లెక్క వేయాల్సిన అవసరమే లేదు. యూనివర్సిటీ ఫీజులు ఖర్చులో చిన్న ముక్క, దానికీ అవసరం లేదు. మధ్యలో ఉన్నవాటితోనే పని.

మధ్యలో ఉన్నవాటిలో ఆర్టీసీని మించింది లేదు. నిజాం కాలంలో, 1932లో, 27 బస్సులతో ప్రభుత్వ శాఖలో భాగంగా మొదలైంది. 1958 జనవరి 11న, 1950 నాటి రోడ్డు రవాణా కార్పొరేషన్ల చట్టం కింద కార్పొరేషన్ అయింది. రాష్ట్రం విడిపోయాక రెండయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 1 నుంచి ఉద్యోగులు ప్రభుత్వ ఉద్యోగులయ్యారు, సంస్థ మాత్రం సంస్థగానే ఉంది. తెలంగాణలో 2023 ఆగస్టులో అదే ఉద్దేశంతో శాసనసభ బిల్లు ఆమోదించింది. ఆ తర్వాత 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి వచ్చాయి, ఆడవాళ్లకు జీరో టికెట్. ఒక్కో మార్పుతో ఈ సంస్థ గీతకు కాస్త అటో ఇటో జరుగుతూ వచ్చింది.

పరీక్ష ఎలా చేయాలో అర్థం కావడానికి ఊహించుకున్న అంకెలు వాడదాం, ఇవి ఏ ఆర్టీసీ అసలు లెక్కలూ కావు. ఏడాది ఖర్చు 100 అనుకోండి. ఈ ఖర్చులో డీజిల్, టైర్లు, విడిభాగాలు, అద్దె బస్సుల యజమానులకు కిలోమీటరు చొప్పున ఇచ్చే డబ్బు, జీతాలు, బస్సుల తరుగుదల, వడ్డీ అన్నీ ఉండాలి. డబ్బులిచ్చి ఎక్కిన ప్రయాణికుల టికెట్లు 40. కార్గో, బస్టాండు షాపుల అద్దెలు, ప్రకటనలు కలిపి 6. జీరో టికెట్ల కింద ప్రభుత్వం ఇచ్చింది 38. ఏడాది చివర లోటు పూడ్చడానికి ఇచ్చిన గ్రాంటు 16.

లోటు గ్రాంటు అమ్మకం కాదు. దాన్ని ఎప్పుడూ కలపకూడదు, ఇందులో రెండో మాట లేదు. చిక్కంతా ఆ 38తోనే. కలిపితే అమ్మకాలు 84, హాయిగా మార్కెట్ సంస్థ. తీసేస్తే 46, గీత కిందకి జారి ప్రభుత్వంలో పడుతుంది.

నియమం చెప్పేదేమిటంటే, ప్రభుత్వం ఇచ్చే డబ్బు ఎంత అమ్మారన్నదాన్ని బట్టి మారుతూ, అదే పని చేసే ఏ సంస్థకైనా అందేదైతే అమ్మకంలో కలపొచ్చు. ఒక్క సంస్థకే ఇచ్చేదైతే కలపకూడదు. జీరో టికెట్ మొదటి సగం షరతును తీరుస్తుంది: కండక్టర్ మెషీన్లోంచి టికెట్ కొడతాడు, దాని మీద ఎక్కడి నుంచి ఎక్కడికో ఉంటుంది, ఆ దూరానికి చార్జీ ఎంతో లెక్క తేలుతుంది, అన్నీ కలిపి ప్రభుత్వానికి బిల్లు వెళుతుంది. కానీ ఈ పథకం ఆర్టీసీ బస్సులకే, ప్రైవేటు బస్సు ఎక్కితే లేదు. అద్దె బస్సులు కూడా ఆర్టీసీ పేరు మీదే తిరుగుతాయి కాబట్టి అవి వేరే సంస్థ కింద రావు. నియమాన్ని అక్షరాలా చదివితే ఆ 38ని తీసేయాలి. ఎదుటి వాదన కూడా ఉంది: ప్రభుత్వం ప్రయాణికురాలి తరఫున మామూలు చార్జీకే టికెట్ కొంటోంది కదా, అది కొనుగోలే కదా అని. నా అభిప్రాయంలో ఆ వాదన నిలవాలంటే డబ్బు నిజంగా టికెట్ల లెక్కన రావాలి. బిల్లు ఎంతైనా ప్రభుత్వం నెలనెలా ఏదో ఒక గుండుగుత్త మొత్తం వేస్తుంటే, అది టికెట్ కొన్నట్టు కాదు, సంస్థను పోషిస్తున్నట్టు. కాబట్టి జీవోతో ఆగకండి, విడుదలైన మొత్తాలను టికెట్ల బిల్లుల పక్కన పెట్టి చూడండి, రెండు లెక్కలూ వేసి రెండూ చూపించండి.

ఇంకో మెలిక జీతాల దగ్గర. ఉద్యోగులు ప్రభుత్వ ఉద్యోగులైపోయి జీతం ఖజానా నుంచి వస్తే, కొన్నాళ్లకు సంస్థ లెక్కల్లో ఆ ఖర్చు తగ్గి కనబడే ప్రమాదం ఉంది. అప్పుడు 100 కాస్తా 55 అయిపోయి, 46 అమ్మకాలతోనే పరీక్ష పాసైపోతుంది. అలా వదిలేయకూడదు. బస్సు నడిపింది ఆ డ్రైవరే కాబట్టి, జీతం ఏ ఖాతా నుంచి పడినా ఆ ఖర్చు బస్సు సర్వీసుదే, తిరిగి కలిపాకే భాగహారం చేయాలి.

ఒకవేళ గీత కిందకి పోతే ఏమవుతుంది? బస్సులేమీ ఆగవు. సంస్థ అప్పు రాష్ట్ర ప్రభుత్వ అప్పులో కలుస్తుంది. ఉత్పత్తిని టికెట్ల ఆదాయంతో కాకుండా పెట్టిన ఖర్చుతో కొలుస్తారు, అంటే జీతాలు పెంచితే ఉత్పత్తి పెరిగినట్టు కనిపిస్తుంది. టికెట్ల రూపంలో రాని భాగం ప్రభుత్వ తుది వినియోగ వ్యయం కింద, అంటే జనం తరఫున ప్రభుత్వం పెట్టిన ఖర్చు కింద నమోదవుతుంది. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మంచిదా చెడ్డదా అన్నదానికీ దీనికీ సంబంధం లేదు, దయచేసి ఈ లెక్కను ఆ వాదనలోకి లాగకండి.

డిస్కంలకూ, అంటే కరెంటు పంపిణీ కంపెనీలకూ ఇదే పరీక్ష, కాకపోతే వాటికి ఒక సాయం ఉంది. వ్యవసాయ ఉచిత కరెంటు సబ్సిడీని విద్యుత్ నియంత్రణ మండలి చార్జీలు నిర్ణయించే టారిఫ్ ఉత్తర్వులో లెక్కగట్టి చూపుతారు, 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం దాన్ని ముందే కట్టాలి. అది ఆలస్యమైతే నగదు వచ్చిన ఏడాదిలో కాదు, రావాల్సిన ఏడాదిలోనే రాయాలి. డిస్కంల అప్పుల భారం తగ్గించడానికి కేంద్రం తెచ్చిన ఉదయ్ పథకంలోలాగా రాష్ట్ర ప్రభుత్వం డిస్కం అప్పును తన మీద వేసుకుంటే అది అమ్మకమూ కాదు, మామూలు సబ్సిడీ కూడా కాదు, మూలధన బదిలీ, అంటే ఆస్తి అప్పుల లెక్కలో ఇచ్చిన సాయం. అలాంటిది ఒకసారి జరిగితే సరే, కొన్నేళ్లకోసారి జరుగుతుంటే మార్కెట్ సంస్థ అన్న మాటను మళ్లీ పరీక్షించాల్సిందే.

అమ్మకాలు ఖర్చును దాటినా పరీక్ష ఫెయిలయ్యే రకం ఒకటుంది. ప్రభుత్వ ఆసుపత్రులకు మందులు కొనిపెట్టే, స్కూళ్లకు గదులు కట్టిపెట్టే కార్పొరేషన్లు. వాటి కస్టమర్ ప్రభుత్వం ఒక్కటే. ప్రైవేటు వాళ్లతో పోటీపడి ఆ పని గెలుచుకోకపోతే, అవి కార్పొరేషన్ బోర్డు పెట్టుకున్న ప్రభుత్వ విభాగాలే. సర్వీస్ చార్జీ పేరుతో వందకు నూట రెండు వచ్చినా అది ఈ చేతి డబ్బు ఆ చేతికి మారడమే.

బ్యాంకులు, బీమా సంస్థలకు ఈ యాభై శాతం లెక్క వాడరు. అక్కడ చూడాల్సింది సంస్థ తనంతట తాను రిస్క్ తీసుకుని అప్పులిస్తోందా, డబ్బు సమీకరిస్తోందా అని. స్టేట్ బ్యాంకు, 2022లో 3.5 శాతం వాటా అమ్మాక కూడా మిగతాదంతా కేంద్రం చేతిలోనే ఉన్న ఎల్ఐసీ, రెండూ ప్రభుత్వ ఆర్థిక కార్పొరేషన్లు. ప్రభుత్వం చెప్పిన లబ్ధిదారులకు చెప్పిన మొత్తం పంచడం తప్ప వేరే పని లేని కులాల, వర్గాల ఆర్థిక సహకార కార్పొరేషన్లను మాత్రం పేరులో "ఆర్థిక" అని ఉందని బ్యాంకుల పక్కన పెట్టకండి.

కాగితాలు ఎక్కడ దొరుకుతాయి

సంస్థను పుట్టించిన చట్టమో, జీవోనో, కంపెనీ అయితే మెమోరాండమో ముందు చదవండి, పెత్తనం సంగతి అక్కడే తేలిపోతుంది. తర్వాత వార్షిక నివేదికలో లాభనష్టాల ఖాతా, ముఖ్యంగా దాని కింద ఉండే నోట్స్. "ఇతర ఆదాయం" అని ఒకే లైనులో ఉన్నదాంట్లో అద్దెలెంత, గ్రాంటు ఎంత అన్నది నోట్స్‌లోనే విడదీసి ఉంటుంది. గ్యారంటీల వివరాలు రాష్ట్ర బడ్జెట్‌తో ఇచ్చే ద్రవ్య బాధ్యత చట్టం ప్రకటనల్లో ఉంటాయి. బడ్జెట్ బయటి అప్పుల కోసం రాష్ట్ర ఆర్థిక పరిస్థితి మీద కాగ్ ఇచ్చే నివేదిక తెరవండి, తెలుగు పత్రికల్లో వచ్చే అప్పుల లెక్కల గొడవలో సగం ఆ ఒక్క నివేదికతో సర్దుకుంటుంది. కనీసం మూడేళ్ల ఖాతాలు దగ్గర పెట్టుకోండి. కోవిడ్ ఏడాది ఒక్కటే తీసుకుంటే బస్సులు ఆగిపోయి టికెట్ల ఆదాయం పడిపోయింది కాబట్టి ఏ ఆర్టీసీ అయినా ఫెయిలవుతుంది.

మీ జవాబూ, జాతీయ గణాంక కార్యాలయం పెట్టిన గడీ వేరువేరుగా వస్తే ముందు రెండు చోట్ల వెతకండి: మీరు గ్రాంటును అమ్మకంలో కలిపేశారేమో, లేదా వాళ్లు వాడుతున్నది సంస్థ పాత స్వరూపమేమో. సంస్థల జాబితా జీవో వచ్చిన మర్నాడే మారదు. రెండూ కాకపోతే సమాచార హక్కు కింద గణాంక మంత్రిత్వ శాఖకు రాయండి, సంస్థ పేరు, ఏ సంవత్సరం, ఏ రంగంలో పెట్టారు అని మూడే అడగండి. "ఎందుకు" అని అడిగితే అభిప్రాయం అడిగారంటూ తిప్పి పంపే అవకాశం ఉంది, కాబట్టి దాని బదులు ఆ నిర్ణయానికి ఆధారమైన ఫైల్ నోటింగ్స్ కాపీ అడగండి.